సైకిలునకు తగిన తాళము

తెలుగున ‘గడియ’ అను మాటకు రెండర్థములు కలవు. తలుపు మూసి అడ్డముగా త్రోయు కమ్మి గడియ. 24 నిమిషముల కాలము గడియ. కాలమును తెలుపు గడియ సంస్కృతమందలి ‘ఘటిక’కు వికృతి. తలుపు గడియకు దానితో చుట్టరికము కలదా లేదా యను విచారమును నిఘంటుకారులకు విడిచినను, ఈ రెండర్థములును ఒక్క మాటలో ఇమిడియుండుట సైకిలునకు తాళము కొనబోవువారికి ఎంతయు ఉపకరించు సంగతి. ఏలయన, ఏ తాళమును దొంగను శాశ్వతముగ ఆపజాలదు. కొంత కాలము ఆపును. వెల పెట్టి తాళము కొనువాడు నిజమునకు కొనుచున్నది కొన్ని గడియల కాలమును. కావున అంగడిలో నిలిచి ‘ఇది గట్టిదేనా?’ యని అడిగి, ‘గట్టిదే’యను జవాబు విని, తృప్తిపడి వచ్చుటవలన ప్రయోజనము లేదు. తాళము ఎంతసేపు ఆపును, సైకిలు ఎంతసేపు ఒంటరిగ నుండును అను రెంటిని తూచి చూచుకొనవలెను.

ఇందుకు చరిత్రలో మంచి నిదర్శనము కలదు. 1851వ సంవత్సరమున లండను నగరమున మహా వస్తుప్రదర్శనము జరిగినది. దానికి అమెరికానుండి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను తాళముల నిపుణుడు వచ్చెను. ఆనాడు ఇంగ్లండున రెండు తాళములు అభేద్యములని ప్రసిద్ధి కెక్కియుండెను. ఒకటి 1818లో వెలసిన చబ్ తాళము. దానిలో పరాయి చెవి గాని కమ్మి గాని పెట్టి కదపినచో లోపలి మీట బిగిసికొనిపోయి, ఎవరో చేయి పెట్టిరని యజమానునకు తెలియజేయును. రెండవది బ్రామా తాళము. పికడిల్లీ వీధిలోని దుకాణపు కిటికీలో, తెరచినవారికి 200 గినీలు బహుమానమను ప్రకటనతో అది సుమారు 60 ఏండ్లు నిలిచియుండెను. హాబ్స్ చబ్ తాళమును 25 నిమిషములలో తెరచెను. అనగా ఒక గడియ, పైన ఒక్క నిమిషము. బ్రామా తాళమునకు 16 దినములలో మొత్తము 51 గంటలు పట్టెను. అనగా 127 గడియల పైమాట. రెండును ఓడినవనియే లోకము చెప్పుకొన్నది. కాని ఏ దొంగకు పరుల దుకాణములో పదునారు దినములు పీట వేసికొని కూర్చుండు వీలు దొరకును? న్యాయముగ చూచినచో బ్రామా తాళము గెలిచినట్లే.

సైకిలు తాళము రత్నములను కాపాడదు. ఐనను అది కాపాడు వస్తువు విలువ రూపాయలతో తేలునది కాదు. 1948లో ఇటలీ దేశమున విత్తోరియో డి సికా తీసిన ‘సైకిలు దొంగలు’ అను చిత్రమును చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. రోము నగరమున పనిలేక తిరుగుచున్న ఒకనికి గోడలకు ప్రకటనలు అంటించు ఉద్యోగము దొరకును. కాని సైకిలున్నవానికే ఆ ఉద్యోగము. తాకట్టులో నున్న సైకిలును విడిపించుటకు ఇల్లాలు పడకమీది దుప్పట్లను తీసి తాకట్టు పెట్టును. మొదటి దినముననే అతడు నిచ్చెనపై నిలిచి కాగితము అంటించుచుండగా, క్రింద గోడకు చేర్చిన సైకిలును దొంగ ఎక్కి పోవును. తరువాతి కథయంతయు దానికై తండ్రీకొడుకులు నగరమంతయు వెదకుట. తుదకు ఆ తండ్రియే మరొకని సైకిలును దొంగిలింపబోయి, కొడుకు కన్నుల యెదుట పట్టుబడును. ఈ చిత్రమును గూర్చి పండితులు ఎన్నియో విషయములను చర్చించియున్నారు. ఆ సైకిలునకు ఆ వేళ తాళము వేసియుండలేదను చిన్న సంగతిని తలచువారు మాత్రము అరుదు.

రోము నగరము దాక పోనక్కరలేదు. 2006లో బీహారు ప్రభుత్వము 9వ తరగతి చదువు బాలికలు సైకిలు కొనుక్కొనుటకు డబ్బిచ్చు పథకమును ఆరంభించెను. దాని ఫలితములను పరిశీలించి కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు 2017లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య ఆ పథకమువలన నూటికి 32 వంతున పెరిగినదని వారి లెక్క. ఆంధ్రప్రదేశమునను ‘బడికొస్తా’ యను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. సైకిలు వచ్చుటచేత బడికి రాగలిగిన పిల్ల, అది పోయిన నాడు ఇంట నిలిచిపోవుట కష్టమా? ఐదు మైళ్ల దూరముననున్న బడికి రెండవ సైకిలు కొని పంపగల తండ్రులు ఎందరు? పాలు పోయువాని జీతము, పత్రికలు వేయు కుర్రవాని ఫీజు, కూరలమ్ము స్త్రీ బేరము ఆ రెండు చక్రములపై నడుచుచున్నవి. ఈ పట్టున తాళమును గూర్చి విచారించుట అల్పవిషయము కాజాలదు.

మన ఊళ్లలో సైకిలుతోపాటు వచ్చు తాళము వెనుక చక్రపు తాళము. ఫ్రేమునకు బిగించియుండును; చెవి త్రిప్పి మీటను నొక్కగనే వంపు కడ్డి చక్రపు పుల్లల నడుమ దూరి కూర్చుండును. దీనిని చులకన చేయువారు కలరు గాని, చిల్లర పనులకు దీనికి మించినది లేదు. ఇంటిలో మరచి వచ్చుటకు వీలు లేనిది ఇదియొక్కటే. వేయుటకు క్షణము చాలును. కావున సోమరి సైతము వేయును. ఉత్తమమైన గొలుసు ఇంటిలో మేకుకు వ్రేలాడుచుండగా, బజారులో సైకిలు వట్టిగా నిలిచియుండుటకన్న ఈ తాళము నూరు రెట్లు మేలు. దీని లోపము కూడ స్పష్టమే. ఇది చక్రమును కట్టివేయును గాని సైకిలును దేనికిని కట్టదు. ఇరువది కిలోల సైకిలును భుజాన వేసికొనిపోవుట బలిష్ఠునకు లెక్క లేదు; ఆటోలో వేసికొనిపోవుట ఎవరికిని లెక్క లేదు. పాలబూత్ ముందర, తపాలా డబ్బా కడ, కంటి యెదుట నున్నంత సేపు ఇది చాలును. గ్రంథాలయమున ఒక గంట కూర్చుండవలె ననుకొన్నచో చాలదు.

అందుకై పలువురు కొనునది రంగురంగుల ప్లాస్టిక్కు తొడుగు గల కేబుల్ తాళము. చూచుటకు అది వ్రేలంత లావుండును. ఆ లావులో సగము ప్లాస్టిక్కే. లోపలనున్నవి పేనిన సన్నని తీగలు. మంచి పటకారు చేతనున్నచో తీగ వెంట తీగ తెగును. పెద్ద కట్టరుతో నైనచో ఒక్క నొక్కు. దీనిని అసలు తాళముగ గాక, ముందు చక్రమునకో సీటునకో తోడు తాళముగ వాడుకొన్నచో దోషము లేదు.

కేబులునకు తరచుగ అంకెల తాళమును బిగింతురు. తాళపు చెవి పోగొట్టుకొను పిల్లలకు ఇది మంచిదని తలిదండ్రుల నమ్మకము. ఇక్కడ లెక్కల ఉపాధ్యాయునకు చక్కని పాఠమొకటి దొరకును. మూడు చక్రములపై 000 మొదలు 999 వరకు వేయి సంఖ్యలు. ఒక్కొక్కదానికి రెండు సెకండ్ల చొప్పున అన్నింటిని త్రిప్పి చూచుటకు 2,000 సెకండ్లు, అనగా 34 నిమిషముల లోపు. నాలుగు చక్రములున్నచో 10,000 సంఖ్యలు. అయిదున్నర గంటల పైచిలుకు. ఒక్క చక్రము పెరిగినంతనే కాలము పది రెట్లైనది. కాని చౌకరకపు తాళములలో మరియొక మోసము కలదు. తాళమును గట్టిగ లాగిపట్టి ఒక్కొక్క చక్రమును మెల్లగ త్రిప్పినచో, సరియైన అంకె కడ వ్రేలికి చిన్న పట్టు తగులును. అప్పుడు 10ని 10 చేత మూడు మారులు హెచ్చించు పని పోయి, నాలుగు పదులను కూడు పని మిగులును: 10,000 ప్రయత్నములకు మారుగా 40. పైగా పుట్టిన సంవత్సరమునే అంకెగ పెట్టుకొను బాలునకు ఆ నలువదియు అక్కరలేదు; స్నేహితులందరికి తెలిసినదే.

గంటకు మించిన పనికి గొలుసును కప్పయు, లేక యూ ఆకారపు ఉక్కు తాళమును కావలెను. కప్పను కొనునప్పుడు దానిపై చెక్కిన ‘7 లీవర్లు’, ‘8 లీవర్లు’ అను మాటలు కొనువారిని ఆకర్షించును. లీవరు అనగా లోపలనుండు రేకు; ప్రతి రేకును తగిన ఎత్తునకు లేపినగాని గడియ కదలదు. రేకులు హెచ్చినకొలది కమ్మితో తెరచుట కష్టమగుట నిజమే. కాని వీధిలో సైకిలును దొంగిలించువాడు హాబ్స్ వంటి కళాకారుడు కాడు. వాడు తెరువడు, కోయును, లేక విరుచును. కావున రేకుల లెక్కకన్న ముందు కప్పపై వంపు కడ్డి ఎంత లావో, గొలుసు లంకె ఎంత లావో చూడవలెను. ఇనుప సామానుల కొట్టులో తూచి అమ్ము మెత్తని గొలుసు చూపునకు భీకరముగ నుండును గాని కట్టరునకు వెన్నముద్ద. గట్టిపరచిన ఉక్కు గొలుసు వేరు. కమ్మరి కొడవలికి పదును పెట్టు విద్యయే ఇందును కలదు: పైపొర గాజువలె గట్టిపడవలెను, లోపల సాగుడుండవలెను. అంతయు గట్టిదైనచో సుత్తి దెబ్బకు పగులును. అంతయు మెత్తనిదైనచో రంపమునకు లొంగును. ఆకురాయితో ఒక మూల గీచి చూచినచో మెత్తని ఇనుము పొడి రాల్చును. గట్టి ఉక్కుపై ఆకురాయి జారిపోవును. కొనకముందే ఈ పరీక్షకు ఒప్పుకొను అంగడివాడు దొరకుట మాత్రము అదృష్టము. లంకె పది మిల్లీమీటర్ల లావున్నచో చేతి కట్టరులు చాలవరకు వెనుదీయును. కరెంటు గ్రైండరునకు మాత్రము ఏదియు నిలువదు. ఐనను అది నిప్పురవ్వలు చిమ్ముచు, వీధియంతయు వినునట్లు అరచును. చప్పుడు చేయించుట కూడ తాళము చేయు మేలే.

యూ తాళమునకు పేరు తెచ్చిన క్రిప్టోనైట్ అను అమెరికా సంస్థ చరిత్ర చదువదగినది. 1972లో న్యూయార్కు నగరమున ఆ తాళముతో కట్టిన సైకిలును ముప్పది దినములు వీధిలో విడిచిరి. తాళము పట్టియుంచిన భాగములు నిలిచినవి; పట్టని భాగములనన్నిటిని దొంగలు ఊడదీసికొనిపోయిరి. ఇంతటి పేరుగల తాళము 2004లో నవ్వులపాలైనది. గుండ్రని గొట్టము వంటి చెవి గల ఆ రకపు తాళములను చౌకరకపు బాల్‌పెన్ను గొట్టముతో క్షణములలో తెరువవచ్చునని తేలినది. ఉక్కు చెక్కుచెదరలేదు, చెవి దూరు రంధ్రము మోసము చేసెను. సంస్థ ఆ తాళములకు బదులు క్రొత్తవానిని ఉచితముగ నిచ్చెను. ఈనాడు కొనువారు గుండ్రని గొట్టపు చెవి గల చౌక తాళములను మానుట మంచిది.

తాళమును మించిన ప్రశ్న దానిని దేనికి కట్టుట యనునది. శూద్రకుని మృచ్ఛకటికము నెరిగినవారికి శర్విలకుడు జ్ఞాపకముండును. చారుదత్తుని యింట దొంగతనమునకు వచ్చిన ఆ విద్వాంసుడు తలుపుతోను గడియతోను కుస్తీ పట్టలేదు. గోడలో ఎక్కడ ఇటుక మెత్తబడినదో వెదకి, జందెమును కొలత త్రాడుగ చేసికొని, శాస్త్రప్రకారము కన్నము వేసెను. దొంగ ఎప్పుడును గట్టి చోటును విడిచి మెత్తని చోటును చూచును. పదివందలు పోసి కొన్న గొలుసును వేపమొలకకు కట్టినచో వాడు మొలకను కోయును. వెదురు తడికకు కట్టినచో తడికను పెరుకును. పొట్టి ఇనుప స్తంభమునకు కట్టినచో సైకిలును తాళముతో కూడ పైకెత్తి తీసికొనును. ముందు చక్రమునకు మాత్రము తాళము వేసినచో, చక్రమును అక్కడనే విడిచి తక్కినదానిని తీసికొనిపోవును. ఫ్రేమును, వెనుక చక్రమును కలిపి, భూమిలో పాతిన కదలని వస్తువునకు కట్టుట సరియైన పద్ధతి. గొలుసు లోపల సందు ఎంత తక్కువగ నున్న అంత మేలు. సందున్నచోటనే గునపము దూరును. కప్పను నేలపై ఆనించుట తప్పు. నేల పట్టెడ యగును. పైనుండి సుత్తి పని సులభమగును.

కాని మూడు కిలోల గొలుసును మోసికొని ఎవరు కొత్తిమీర కొనబోవుదురు? పోయిన సైకిళ్లలో, ఇంటిలో విడిచి వచ్చిన తాళములవలన పోయినవి ఎన్ని లేవు! ఈ చిక్కునకు హాలండు దేశీయుల అలవాటు అనుసరింపదగినది. అక్కడ వెనుక చక్రపు తాళము సైకిలునకు శాశ్వతముగ నుండును. దానితోపాటు ఒక గొలుసును వెంటనుంచుకొందురు. కొన్ని చక్రపు తాళములకు ప్రక్కన రంధ్రముండి, గొలుసు కొన అందులోనే దూరి బిగియును; ఒక్క చెవియే రెంటికి చాలును. చిల్లర పనికి చక్రపు తాళము, కొంచెము నిలుచు పనికి దానితోపాటు మధ్యరకపు గొలుసు – ఊరిలో తిరుగు సైకిలునకు ఈ జోడు చాలును. రెండు విధముల తాళములున్నచో దొంగకు రెండు విధముల పనిముట్లు కావలెను. ఒకప్పుడు సినిమాహాళ్ల ముంగిట సైకిలు స్టాండువాడు అట్టముక్కపై అంకె వ్రాసి చేతికిచ్చెడివాడు. అణాలతో దొరకిన ఆ కాపలాకు సాటివచ్చు తాళము ఏ దేశమునను తయారు కాలేదు. నేటికిని డబ్బు తీసికొని కాపలా కాయు స్టాండు రైల్వేస్టేషను కడ నున్నచో, ఊరు విడిచి పోవువారు అక్కడ పెట్టుటకు వెనుదీయరాదు.

ఇక ఇల్లు. వింత యేమనగా, బజారులో నిమిషమునకు తాళము వేయువారే రాత్రియంతయు వసారాలో సైకిలును వట్టిగా విడుతురు. గేటు మూసినారను ధైర్యము. రాత్రి పది మొదలు తెల్లవారి అయిదు వరకు ఏడు గంటలు, అనగా పదునేడున్నర గడియలు. ఇంతటి తీరిక దొంగకు బజారులో ఎన్నడును చిక్కదు. చీకటి, నిద్ర, పనిముట్ల సంచి – అన్నియు వానికి అనుకూలములు. కావున అత్యంత బలమైన తాళము ఇంటికే కావలెను. ఇంటి గొలుసు ఎచ్చటికిని పోదు గనుక బరువును గూర్చి చింత లేదు. ఎంత లావైనను మేలే. గోడలోనో గచ్చులోనో సిమెంటుతో ఒక ఇనుప కడియమును పాతించి, గొలుసును దానికే వ్రేలాడనిచ్చి, సాయంకాలము సైకిలును తెచ్చి కట్టుట తేలిక. మేడమెట్ల క్రింద, అపార్టుమెంటుల సెల్లారులో నిలుపువారికి ఇది మరింత అవసరము. అచ్చట పదిమంది వచ్చి పోవుదురు. ఎవడు ఎవరి సైకిలును నడిపించుకొనిపోవుచున్నాడో కాపలాదారునకు తెలియదు. కిటికీ ఊచకు కట్టువారు ఆ ఊచను ఒకమారు పట్టి లాగి చూచుట మంచిది. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడందురు. వానికై ఏ తాళమును చెప్పజాలము. కాని తాళపు చెవిని దాని ప్రక్కనే మేకుకు తగిలించు ఇండ్లలో బయటి దొంగకు కూడ ఇంటిదొంగ భాగ్యము లభించుచున్నది.

తాళమునకు పోషణ కావలెను. విశాఖపట్టణము, కాకినాడ, బందరు వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగ తుప్పుపట్టును. అచ్చట ఇత్తడి కప్ప ఎక్కువ కాలము మన్నును. చెవి దూరు రంధ్రము క్రిందికి నుండునట్లు వేసినచో వాననీరు లోనికి పోదు. బిగిసిన తాళములో కొబ్బరినూనె చుక్క వేయుట మన ఇండ్లలో అలవాటు. అది ఆనాటికి తిరుగును. నెల గడచినచో నూనె దుమ్ముతో కలిసి జిగురై, రేకులను పట్టివేయును. కుట్టుమిషను నూనె వేయవలెను, అదియు కొంచెము. తాళముతో రెండు చెవులు వచ్చును. రెంటిని ఒక్క గుత్తికే తగిలించుకొని తిరుగువారు రెండవది ఎందుకు ఇచ్చిరో ఆలోచింపవలెను.

ఇన్ని చేసినను సైకిలు పోవచ్చును. 2024 జూలై 1 నుండి దొంగతనమునకు భారతీయ న్యాయ సంహితలోని 303వ విభాగము వర్తించుచున్నది. పోయిన వస్తువు విలువ ఐదువేల రూపాయలకు లోబడి, దొంగకు అదియే మొదటి శిక్షయై, వస్తువును గాని దాని విలువను గాని తిరిగి యిచ్చినచో, వానికి సమాజసేవ శిక్షగ విధింపబడును. బడిపిల్లల పాత సైకిళ్లు పెక్కు ఈ ఐదువేల గీటునకు లోపలనే యుండును. శిక్ష ఏదైనను, సైకిలు తిరిగి రావలెనన్నచో అది తనదని నిరూపింపవలెను. నల్లరంగు సైకిలు, వెనుక క్యారియరు కలదు – ఇంతమాత్రము చెప్పినచో పోలీసు స్టేషను ఆవరణలోని సైకిళ్లలో సగము ఆ వర్ణనకు సరిపోవును. ప్రతి ఫ్రేముపైన తయారుచేసినవారు ఒక సంఖ్యను గ్రుద్దియుంతురు. అది సాధారణముగ పెడళ్ల ఇరుసు క్రింద నుండును. కొన్నింటికి సీటు క్రింది గొట్టముపై నుండును. సైకిలును తలక్రిందులు చేసి, మట్టిని గుడ్డతో తుడిచి, సుద్దపొడి రుద్దినచో అంకెలు తెల్లగ కనబడును. బడి తెరచిన మొదటి వారమున ఉపాధ్యాయులు సైకిళ్లపై వచ్చు పిల్లలను ఆవరణలో వరుసగ నిలిపి, ఎవరి సంఖ్యను వారిచేత నోటుపుస్తకపు చివరి పుటలో వ్రాయించి, ఆ పట్టికను బడిలో కూడ ఒక ప్రతి ఉంచుకొనవచ్చును. అందుకు కావలసినది ఒక గుడ్డపీలిక, ఒక సుద్దముక్క.